ఏసీ వెనక గూట్లోంచి పడ్డ ఉడత పిల్లలు: పాలు ఎన్ని పట్టాలి, తల్లి మళ్ళీ తీసుకెళ్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ పటమటలో ఫ్లాటు. ఏసీ సర్వీసింగుకి వచ్చినతను అవుట్‌డోర్ యూనిట్ వెనకున్న గూడు లాగేస్తే మూడు ఉడత పిల్లలు బాల్కనీలో పడ్డాయి. కళ్ళు తెరవలేదు, సన్నగా నూగు ఉంది, వీపు మీద గీతలు తెలుస్తున్నాయి. సాయంత్రం నుంచి ఇంకు ఫిల్లరుతో ఆవుపాలు పడుతున్నారు. ఒకదానికి ముక్కులోంచి పాలు వచ్చాయి. ఇంకోదానికి పొట్ట ఉబ్బింది. మూడోది చల్లగా, కదలకుండా ఉంది. ఎన్ని పాలు, ఎన్నిసార్లు పట్టాలి, బతికితే పెంచుకోవచ్చా అన్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఆవుపాలు ఇప్పుడే ఆపేయండి. ఈ రాత్రికి వాటికి కావలసింది పాలు కాదు, వెచ్చదనం. ఒళ్ళు వెచ్చబడ్డాక ఓఆర్ఎస్ నీళ్ళు. తెల్లారి ఆరింటికల్లా పిల్లల్ని ఆ ఏసీ దగ్గరే పెట్టి తల్లికి అవకాశం ఇవ్వండి, చాలాసార్లు వచ్చి తీసుకెళ్తుంది. రాకపోతేనే పాలపొడి, సిరంజి, లెక్కలు. పెంచుకోవడం మాత్రం కుదరదు, ఎందుకో కింద చెప్తాను.

వెచ్చదనం ముందు ఎందుకంటే, ఆ వయసు పిల్ల తన ఒంటి వేడిని తాను నిలబెట్టుకోలేదు. గూట్లో ఉన్న కొబ్బరి పీచు, పాత పరుపు దూది, తోబుట్టువుల ఒళ్ళు, తల్లి పొట్ట, ఇవే దాని కుంపటి. ఒళ్ళు చల్లబడితే పేగుల కదలిక ఆగిపోతుంది. అప్పుడు పోసిన పాలు అరగవు, పొట్టలోనే పులిసి గాలి పుడుతుంది. మింగే శక్తీ తగ్గుతుంది కాబట్టి పాలు గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మీ మూడు పిల్లల్లో కనిపిస్తున్న మూడు లక్షణాలకీ మూలం ఇదే అయ్యుండొచ్చు. ఉడత పిల్లలు ఆకలితో పోయేదాని కంటే చల్లగా ఉన్నప్పుడు పాలు పట్టడం వల్ల పోయేదే ఎక్కువ.

పిల్ల పొట్టకి మీ వేలి వెనకభాగం ఆనించి చూడండి. వేలి కంటే చల్లగా తగిలితే అది చల్లబడినట్టే. ముందు అరచేతుల్లో మూసి పట్టుకుని ఇరవై నిమిషాలో అరగంటో మీ ఒంటి వేడి ఇవ్వండి. తర్వాత చెప్పుల అట్టపెట్టె తీసుకుని, అరలీటరు నీళ్ళ సీసాలో చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు పోసి, పాత పంచెగుడ్డ రెండు మడతలు చుట్టి, పెట్టెలో ఒక సగానికే ఆనించి పెట్టండి. రెండో సగం ఖాళీగా వదలండి, వేడి ఎక్కువైతే పిల్ల పాక్కుంటూ అటు పోతుంది. గంటన్నరకో రెండు గంటలకో నీళ్ళు మార్చాలి. మరిచిపోతే ఆ సీసానే చల్లబడి పిల్లల వేడి లాగేస్తుంది, అది అసలు సీసా లేకపోవడం కంటే ప్రమాదం. నూగొచ్చిన పిల్లలకి పెట్టె లోపల 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే చాలు. ఒంటి మీద ఏమీ లేని ఎర్రటి పసిగుడ్డులకైతే 32 నుంచి 34 ఉండాలి.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గది 38 డిగ్రీలు ఉంటే సీసా అక్కర్లేదు సరికదా, సీసా పెడితే వేడికి పోతాయి. పిల్లలు ఒకదానికొకటి దూరంగా జరిగి కాళ్ళు చాపి వెల్లకిలా పడుకున్నాయంటే వేడి ఎక్కువైంది. ముద్దగా ఒకదానిలోకొకటి దూరాయంటే చలి వేస్తోంది. అదే పిల్లల్ని రాత్రి ఏసీ గదిలో పడుకోబెడితే తెల్లారేసరికి కట్టెల్లా అవుతాయి. ఏసీ లేని గదిలో, ఫ్యాను గాలి నేరుగా తగలనిచోట ఉంచండి. పైనుంచి బల్బు వేలాడదీయొద్దు, ఒంట్లో నీరంతా ఎండగట్టేస్తుంది.

పెట్టెలో పరచడానికి పాత బనీను గుడ్డ, లుంగీ ముక్కలు వాడండి. టర్కీ టవలు, విడి దూది వద్దు. ఆ పోగులు కాలికి చుట్టుకుంటే రాత్రికి రాత్రే రక్తం ఆగి పాదం నల్లబడుతుంది.

ఇప్పుడు ఓఆర్ఎస్. మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్ అడగండి, పండ్ల రుచులతో అట్టడబ్బాల్లో వచ్చే తీపి నీళ్ళు కాదు. ఒక లీటరు ప్యాకెట్‌ని ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. ‘ఇంత చిన్న ప్రాణానికి లీటరు ఎందుకు’ అని గ్లాసులో కలిపేస్తారు చాలామంది, ఆ ఉప్పుకి మెదడు దెబ్బతిని ఫిట్స్ వస్తాయి. మిగిలింది ఇంట్లోవాళ్ళు తాగేయొచ్చు, ఎండలకి మంచిదే. ఒంట్లో నీరుందో లేదో తెలియాలంటే మెడ వెనక చర్మాన్ని మెల్లగా గిల్లి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే. గుడారంలా నిలబడితే నీరు బాగా తగ్గింది. ఓఆర్ఎస్‌ని గోరువెచ్చగా చేసి, కింద చెప్పిన కొలతలోనే, రెండు గంటలకోసారి ఈ రాత్రికి మూడు నాలుగు విడతలు పట్టండి. పొట్ట ఉబ్బినదానికి అందులో సగమే. చల్లగా ఉన్నదానికి పూర్తిగా వెచ్చబడేదాకా చుక్క కూడా వద్దు.

ఇంకో పని ఈ రాత్రే చెయ్యాలి. పిల్లలకి ఉచ్చ పోయించాలి. కళ్ళు తెరవని ఉడత పిల్ల తనంతట తాను ఉచ్చ, దొడ్డికి పోలేదు, తల్లి నాకితేనే పోతుంది. దూదిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, పొట్ట అడుగున తోక వైపుకి మెత్తగా ఒకే దిక్కులో ఒక నిమిషం పాటు తుడవండి. పట్టే ప్రతిసారీ ముందొకసారి, తర్వాత ఒకసారి. ఈ సంగతి తెలియకపోవడం వల్లే ‘పాలు బాగానే తాగేది, మూడో రోజు పోయింది’ అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఉచ్చ లేత పసుపులో ఉంటే నీరు సరిపోతోందని, ముదురుగా బొట్టు బొట్టుగా వస్తే సరిపోవట్లేదని. పొట్ట ఉబ్బినదాన్ని నడుము దాకా గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు పట్టుకుని, పక్కల నుంచి కిందికి వేలికొసతో నిమిరి, వెంటనే తుడిచి వెచ్చగా పెట్టండి. చాలావరకు గాలి దిగుతుంది. చిన్నపిల్లల కడుపునొప్పి చుక్కలు, వాము నీళ్ళు సొంతంగా పొయ్యొద్దు.

పడుకోబెట్టేముందు టార్చి వేసి చెవులు, ముక్కు, కాళ్ళ సందులు, తోక కింద చూడండి. బియ్యప్పిండి అంటినట్టు తెల్లగా కనిపిస్తే అవి ఈగ గుడ్లు. ఉక్కపోత రోజుల్లో తెల్లారేసరికి పురుగులైపోతాయి. పట్టుకారుతోనో మెత్తటి టూత్‌బ్రష్షుతోనో ఒక్కటి మిగలకుండా తీసేయాలి. చీమలు పట్టి ఉంటే అవి కూడా ఒక్కొక్కటీ తియ్యాలి, కుట్టినచోట తల తెగి చర్మంలో ఉండిపోతుంది. పసుపు, కొబ్బరినూనె ఏమీ పూయకండి. పసుపు గాయం మీద పెచ్చుకట్టి లోపలి చీముని దాస్తుంది.

తెల్లారాక తల్లికి అప్పజెప్పడం. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదనేది ఉత్త మాట. ఉడతకి ఒక గూడు కాక ఇంకొకటో రెండో అదనంగా ఉంటాయి. ఒకటి చెడితే పిల్లల్ని నోట కరుచుకుని రెండోదానికి మారుస్తుంది. ఒక రాత్రి దూరమైనా మర్నాడు వచ్చి తీసుకెళ్తుంది. అది పట్టించుకోనిది చల్లబడిన పిల్లనే, కదలని పిల్లని చచ్చిందనుకుంటుంది. అందుకే వెచ్చటి సీసా సహా పెట్టాలి.

చెయ్యవలసింది ఇదీ. చిన్న అట్టపెట్టెకి ఒక పక్క రెండున్నర అంగుళాల కన్నం చేసి, అడుగున వేడినీళ్ళ సీసా, పైన పాత గూటి పీచు దొరికితే అదే వేసి పిల్లల్ని పెట్టండి. పైన మూత ఉంచండి, లేకపోతే కాకులు ముందొస్తాయి. పెట్టెని ఏసీ స్టాండుకి తీగతో కట్టండి, నేల మీద పెట్టకండి. కట్టిన తీగకి వేసలీన్ పూస్తే చీమలు ఎక్కవు. చీమల చాక్‌పీసు మాత్రం గీయొద్దు, అది విషం, తల్లి పాదాలకి అంటి నోట్లోకి పోతుంది. ఎండ పడేచోటైతే నీడ కట్టండి. పిల్లలు కీచుమంటున్నప్పుడు ఫోనులో రికార్డు చేసి కిటికీ దగ్గర వినిపిస్తే తల్లి త్వరగా వస్తుంది. మీరు లోపలికెళ్ళి కర్టెన్ వెనకనుంచే చూడండి. బాల్కనీలో మనిషి నిలబడి ఉంటే గోడ మీదే తోక ఎగరేస్తూ అరుస్తుంది తప్ప దిగదు.

వచ్చిందంటే ఒక్కో పిల్లనే తీసుకెళ్తుంది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య అరగంట కూడా పట్టొచ్చు. ‘రెండింటిని తీసుకెళ్ళి ఒకదాన్ని వదిలేసింది’ అని తొందరపడి మూడోదాన్ని లోపలికి తెచ్చేస్తారు, ఆగండి. నాలుగు గంటలు చూడండి. గంటన్నరకోసారి సీసా మార్చండి. ఎండ నలభై దాటే రోజైతే పదకొండుకల్లా లోపలికి తెచ్చి, ఓఆర్ఎస్ పట్టి, నాలుగింటికి మళ్ళీ పెట్టండి. ఉడత పగటి జంతువు. పొద్దుగూకాక ఇక రాదు. రాత్రి బయట ఉంచితే పిల్లికి పెట్టినట్టే.

పిల్లి నోట్లోంచి తెచ్చిన పిల్లని మాత్రం తల్లికి పెట్టకండి. గాయం సూది మొనంత ఉన్నా, అసలు కనిపించకపోయినా, పిల్లి నోటి క్రిములు రక్తంలోకెళ్ళి రెండు రోజుల్లో చంపేస్తాయి. కొన్ని గంటల్లో డాక్టరు చేత యాంటీబయాటిక్ పడాలి. ముక్కులో పాలు వచ్చిన మీ పిల్లని కూడా చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి వినండి. టిక్ టిక్‌మని చప్పుడొచ్చినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా న్యుమోనియా మొదలైనట్టే. అది తల్లి దగ్గరికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

తల్లి రాకపోతే పాలు. ఆవు, గేదె పాలు రెండూ పనికిరావు. ఉడత పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, పాల చక్కెర తక్కువ. ఆవుపాలలో లెక్క తిరగబడి ఉంటుంది. ఆ చక్కెర అరక్క విరేచనాలు, ఉబ్బరం, నీరు తగ్గడం వరసగా వస్తాయి. పసిపిల్లల పాలడబ్బాలూ అంతే. పెట్ షాపులో కుక్కపిల్లల పాలపొడి అడగండి. బిస్కెట్లు, సెరెలాక్ ముద్ద, పంచదార నీళ్ళు వద్దు. పొడి ఆ రోజే దొరక్కపోతే ఒక పూట ఓఆర్ఎస్ మీద నెట్టుకురావడం ఆవుపాలు పట్టడం కంటే మేలు.

కొలత: ఒక వంతు పొడికి రెండు వంతుల వేడినీళ్ళు, బరువుతో కాదు, చెంచాతో. రెండు టీస్పూన్ల పొడి, నాలుగు టీస్పూన్ల నీళ్ళు కలిపితే మీ మూడింటికీ ఒక రోజుకి సరిపోతుంది. ఉండల్లేకుండా కలిపి, టీ వడకట్టుతో వడగట్టి, ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచితే బాగా నానుతుంది. 24 గంటలు దాటితే పారబోయండి. పట్టేటప్పుడు కావలసినంతే వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చజేసి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. ఒకసారి వెచ్చజేసింది మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పొడి డబ్బాని గాలి చొరకుండా మూసి ఫ్రీజర్లో పెట్టండి. మన తేమకి బయటుంచితే వానాకాలంలో వారానికే ముక్కవాసన పడుతుంది.

నేరుగా చిక్కటి పాలకి మారకండి. ఓఆర్ఎస్ తర్వాత మొదటి రెండు విడతలు కలిపిన పాలు ఒక వంతు, ఓఆర్ఎస్ మూడు వంతులు. తర్వాతి రెండు సగం సగం. ఆపై రెండు విడతలు పాలు మూడు వంతులు, ఓఆర్ఎస్ ఒక వంతు. ఆ తర్వాత పూర్తి పాలు. మధ్యలో దొడ్డికి పలచబడితే ఒక మెట్టు వెనక్కి రండి. ఆవపిండి ముద్దలా పసుపు రంగులో, గుళికలా వస్తే అరుగుతోందని అర్థం. తెల్లగా విరిగిన పాలలా వస్తే మీరు ఎక్కువ పడుతున్నారు.

ఎన్ని పాలు? ఒక విడతకి ఒంటి బరువులో 5 శాతం. అంటే 10 గ్రాములకి 0.5 మి.లీ. 20 గ్రాముల పిల్లకి 1 మి.లీ., అంతే, ఇంకా నోరు చాపినా అంతే. దాని పొట్టే అంత. ‘ఆకలిగా ఉంది పాపం’ అని ఇంకో అర సిరంజి పట్టడం వల్లే ముక్కులోంచి వస్తాయి. బరువు తెలియకుండా ఈ లెక్క కుదరదు కాబట్టి, నగల తూకం లాంటి 0.1 గ్రాము చూపించే జేబు త్రాసు కొనండి. రోజూ తెల్లారి ఉచ్చ పోయించాక, పాలకి ముందు తూచి గోడ కేలెండరు మీద రాయండి. మూడు పిల్లలకి మూడు రంగుల నెయిల్ పాలిష్‌తో గోటి మీద చుక్క పెట్టుకుంటే కలిసిపోవు. ఒక్క రోజు బరువు తగ్గినా ఏదో తేడా ఉన్నట్టే. ఒళ్ళు చల్లబడిందా, పాలు పలచనయ్యాయా, విరేచనమా, వెతకండి.

ఎన్నిసార్లంటే, మీ పిల్లల వయసుకి మూడు గంటలకోసారి: ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది, అర్ధరాత్రి. మధ్యలో నిద్రపోవచ్చు, మీరూ అవీ. ఎర్రటి పసిగుడ్డులైతే రెండు గంటలకోసారి, రాత్రి కూడా ఒకసారి లేవాలి. కళ్ళు తెరిచాక నాలుగు గంటలకోసారి చాలు. వయసు పోల్చుకోవడం తేలికే. మొదటి వారం ఎర్రగా, చెవులు తలకి అంటుకుని ఉంటాయి. ఒళ్ళు నల్లబడి రాముడి వేళ్ళ గీతలు తేలి నూగు మొదలైతే రెండో వారం. కళ్ళు సుమారు మూడు వారాలకి తెరుచుకుంటాయి. మన కోస్తాలో తిరిగేవి మూడు గీతల ఉడతలు, పెద్దది 100 గ్రాములకి అటూ ఇటూ.

పట్టే తీరు పాలకన్నా ముఖ్యం. ఇంకు ఫిల్లరు, దూది వత్తి, ఉగ్గుగిన్నె అవతల పెట్టండి. ఫిల్లరు నొక్కితే ఎంత పడిందో తెలియదు, వత్తి పోగులు గొంతులోకి పోతాయి. 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి సూది తీసేసి వాడండి. ఇన్సులిన్ సిరంజికి చాలావాటిలో సూది ఊడిరాదు, అది తేకండి. పిల్లని బోర్లా, తల కొంచెం పైకి ఉండేట్టు, ఎడమ అరచేతిలో గుడ్డ చుట్టి పట్టుకోండి. పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుంటే పాలు నేరుగా ఊపిరితిత్తుల్లోకే. సిరంజి మొనని పెదవుల పక్కగా ఆనించి ఒక్క చుక్క పెట్టి, అది నాకి మింగేదాకా ఆగి, ఇంకో చుక్క. 1 మి.లీ. పట్టడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టాలి. బొటనవేలితో తొయ్యడం కాదు, సిరంజి చివరని అరచేతికి ఆనించి నెమ్మదిగా జరపండి. అప్పుడు చెయ్యి ఉలిక్కిపడినా పాలు చిమ్మవు.

ముక్కులో బుడగ కనిపించిన క్షణమే ఆపి, తల కిందికి వంచి, టిష్యూ కొసతో ముక్కు తుడవండి. తుమ్మి, ఊపిరి మామూలయ్యేదాకా ఆగాలి. ఆ విడత అక్కడికి చాలు. ఇంకో మాట, నాలుగైదు సార్లు వేడినీళ్ళలో కడిగాక సిరంజిలోని రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది. తోస్తే కదలదు, గట్టిగా తోస్తే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. న్యుమోనియా కేసులు చాలా ఆ ఒక్క ఎగదన్నుతోనే మొదలవుతాయి. ఐదారు రూపాయల సిరంజి, రెండు రోజులకోసారి మార్చేయండి. కొందరు సైకిల్ షాపు వాల్వు ట్యూబు ముక్క మొనకి తొడుగుతారు, పిల్లలు బాగానే చప్పరిస్తాయి. పళ్ళు వచ్చాక మాత్రం తీసేయాలి, కొరికి మింగితే పేగులో అడ్డం పడుతుంది.

కళ్ళు తెరిచిన పది పదిహేను రోజులకి కొరకడం మొదలుపెడతాయి. జామకాయ ముక్క, కీరా, ఉడికించిన చిలగడదుంప, మునగాకు, వేపపండ్లు, రావి, మేడి పండ్లు పెట్టండి. పాలు ఒక్కసారిగా మాన్పించకండి, ఎనిమిది పది వారాలకి వాటంతట అవే మొహం తిప్పుకుంటాయి. ఇక్కడే ఎక్కువమంది పల్లీలతో పాడుచేస్తారు. ఉడతంటే పల్లీ అనుకుంటాం, అదీ ఇష్టంగానే తింటుంది. పల్లీ, పొద్దుతిరుగుడు గింజ, మొక్కజొన్న వీటిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. పొట్ట వాటితోనే నిండితే ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. ఏడెనిమిది వారాల వయసులో ఒకరోజు వెనక కాళ్ళు ఈడుస్తూ కనిపిస్తుంది. పడి నడుం విరిగిందనుకుంటారు, నిజానికి ఎముకలు మెత్తబడ్డాయి. తొందరగా పట్టుకుంటే డాక్టరిచ్చే కాల్షియంతో లేస్తుంది, వెన్నుపూస విరిగాక లేవదు. రోజుకి ఒకటి రెండు పచ్చి పల్లీలు మించొద్దు. బూజు వాసన ఉన్నవి అసలే వద్దు, వేయించి ఉప్పు చల్లినవీ వద్దు. పంజరంలో కాల్షియానికి కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఎముక ముక్క, కొరకడానికి జామ కొమ్మలు, ఉదయం పూట అరగంట నేరుగా ఎండ ఇవ్వండి. కిటికీ అద్దం వెనకనుంచి పడే ఎండ లెక్కకి రాదు, డి విటమిన్ తయారుచేసే కిరణాలు అద్దం దాటవు.

ఇక పెంచుకోవడం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్క ప్రకారం ఇలాంటి జంతువులు ఇంట్లో పెంచుకునేవి కావు. రక్షణ ఉన్న జంతువు చేతికొస్తే 48 గంటల్లో అటవీశాఖకో దగ్గర్లోని పోలీసు స్టేషనుకో చెప్పాలి. అటవీశాఖ కార్యాలయానికి ఫోన్ చేసి పేరు, అడ్రసు, ఏం దొరికిందో చెప్పి రాయించుకోండి, మీకే మంచిది. విజయవాడలో జూ లేదు, విశాఖ, తిరుపతిలోనే ఉన్నాయి. కాబట్టి ఉడతలాంటి చిన్న ప్రాణికి దగ్గర్లో దిక్కు పశువైద్యులే. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, కుక్కలూ పిల్లులూ కాక ఇతర జంతువుల్ని చూసిన డాక్టర్లు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు ప్రధానంగా పాడిపశువుల కోసం, దాన్ని ఉడత కోసం నమ్ముకోకండి.

చట్టం పక్కనపెట్టినా, మచ్చికైన ఉడత ఎక్కువకాలం బతకదు. భుజమెక్కడం అలవాటైనది వీధిలో తెలియనివాళ్ళ భుజమూ ఎక్కుతుంది, వాళ్ళు చెప్పుతో కొడతారు. అందుకే ఇంట్లో ఒక్కరే పట్టాలి. పిల్లల ఆటలు, సెల్ఫీలు వద్దు, పాలు మానాక చేత్తో తాకడమే మానేయాలి. మూడూ కలిసి పెరగడం మీ అదృష్టం. ఒంటరిగా పెరిగినది మనిషినే ఉడతనుకుంటుంది.

వదలడం పది పన్నెండు వారాలకి. కనీసం రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు పంజరం, అరంగుళం వెల్డు మెష్. సన్నటి కోళ్ళ జాలీ వద్దు, ఎలుక కొరికేస్తుంది. లోపల చిన్న కుండని అడ్డంగా కట్టి పీచు వేస్తే గూడనుకుంటాయి. దాన్ని చెట్టు నీడలో రెండు వారాలు ఉంచండి. కాకి అరిస్తే కుండలోకి దూరుతున్నాయా, కాయలు తామే చీల్చుకుని తింటున్నాయా, మిమ్మల్ని చూసి పారిపోతున్నాయా, బరువు 70 గ్రాములు దాటిందా చూడండి. ఈ నాలుగూ అవునంటే ముసురు లేని రోజు ఉదయం తలుపు తీసి పక్కకి రండి. కుండ, తిండి మరో రెండు వారాలు అక్కడే ఉండాలి, కొన్నాళ్ళు రాత్రికి తిరిగొస్తాయి. కొండపల్లి అడవిలో వదిలితే స్వేచ్ఛగా ఉంటాయనుకోకండి. ఇవి పెరళ్ళలో, వేపచెట్ల మీద బతికే జాతి, మీ వీధి చెట్లే దాని అడవి.

ఇదే పద్ధతి అన్నిటికీ వాడొద్దు. పల్నాడు చేలల్లో దొరికే చెవులపిల్లి కూనల్ని తల్లి పగలంతా ఒంటరిగానే వదిలి చీకటిపడ్డాక పాలిస్తుంది, అది అనాథ కాదు, ఉన్నచోటే వదిలేయండి. గబ్బిలం పిల్లని, కోతి పిల్లని, ముంగిసని ఒట్టి చేతులతో ముట్టొద్దు. కరిస్తే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే రేబీస్ టీకాకి వెళ్ళాలి. ఉడత కరిస్తే సాధారణంగా ఆ టీకా అవసరం పడదు. అయినా కడగడం తప్పదు, టీకా మాట డాక్టరే చెప్పాలి.

చివరగా ఆ ఏసీ. తల్లి పిల్లల్ని మార్చుకునేదాకా అవుట్‌డోర్ యూనిట్ ఆన్ చెయ్యకండి. దాని చప్పుడుకి, వేడిగాలికి తల్లి దగ్గరికే రాదు. మార్చుకున్నాక రెండు రోజులు ఆగి, గోడలో రాగి పైపు దూరిన కన్నానికి, యూనిట్‌కీ గోడకీ మధ్య సందుకీ అరంగుళం మెష్ బిగించమనండి. థర్మాకోల్, దూది కుక్కితే నెల తిరక్కుండా మళ్ళీ గూడే. పైపు మీది నల్లటి ఫోమ్ కొరికిన ఆనవాళ్ళుంటే లోపలి కరెంటు తీగలు కూడా చూడమనండి.